శుక్రవారం మిగిలిన అన్నం

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరప కోతలు ముమ్మరంగా సాగే రోజులివి. మామిడి పూత పిందెగా మారుతోంది. పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో తెల్లవారుజామునే దీపాలు వెలుగుతున్నాయి. ఈ హడావుడి నడుమనే క్రైస్తవుల ఇళ్లలోకి శ్రమల కాలం వస్తుంది. కొందరు లెంట్ రోజులంటారు, కథోలికులు తపస్సుకాలమంటారు. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందటి శనివారం వరకూ 46 రోజులు. ఆదివారం ప్రభువు సమాధిని గెలిచి లేచిన రోజు కనుక ఆనాడు ఉపవాసం ఉండదు. ఆరు ఆదివారాలు తీసేస్తే 40. సీనాయి కొండ మీద మోషే, హోరేబు దారిలో ఏలీయా, అరణ్యంలో యేసు గడిపిన నలభై దినాలు ఈ లెక్కలో ఉన్నాయి. 325లో నీకయ సభ చేసిన నియమాల్లో ఒకటి ఈ నలభై దినాల కాలాన్ని అప్పటికే అందరికీ తెలిసిన సంగతిగా ప్రస్తావించింది.

కిందటేడు మట్టల ఆదివారం నాడు చేతబట్టుకుని ఊరేగిన మట్టలనే దాచి, ఎండాక కాల్చి, ఆ బూడిదతో నొసట సిలువ గుర్తు వేస్తారు. మధ్యాహ్నపు చెమటకు ఆ గుర్తు కరిగిపోతుంది. ఆ తర్వాత శుక్రవారాలు వరసగా వస్తాయి. సిలువ మార్గంలోని 14 స్థలాల దగ్గర మోకరిల్లడం, సాయంత్రాలు ఇంటింటా ప్రార్థన కూడికలు, గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటల ధ్యానం, ఈస్టరు నాడు తెల్లవారకముందే సమాధుల దగ్గర కొవ్వొత్తులు. క్రైస్తవ పేటల్లో పుట్టి పెరిగినవాళ్లకు ఈ వరస అంతా కంఠతా వచ్చు.

ఈ రోజుల్లో దేవునికి మరికాస్త దగ్గర కావాలన్న కోరిక చాలామంది గుండెల్లో నిజంగానే కలుగుతుంది. దానికోసం ఒకరు మాంసం మానేస్తారు, ఒకరు టీ మానేస్తారు, ఇంకొకరు పొద్దు గూకేదాకా నీళ్లతోనే గడుపుతారు. ఇవన్నీ మంచివే. అయితే ఆ నియమాల పక్కన మరో చిన్న ప్రశ్న కూడా వేసుకోవాలనిపిస్తుంది. మనం తినకుండా మిగిల్చిన ఆ అన్నం ఎక్కడికి పోతోంది?

తొలినాటి క్రైస్తవులు ఈ ప్రశ్నను చాలా సూటిగా వేసుకున్నారు. రెండో శతాబ్దంలో రోములో వెలువడిన హెర్మాసు గ్రంథంలో ఉపవాసం ఎలా ఉండాలో వివరంగా ఉంది. ఆ రోజు రొట్టె, నీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. మామూలు రోజున తినే తిండికి ఎంత ఖర్చయ్యేదో లెక్కగట్టి, ఆ మొత్తాన్ని విధవరాలికో, తల్లిదండ్రులు లేని బిడ్డకో, లేమిలో ఉన్న మరొకరికో ఇవ్వాలి. దాదాపు ఆ కాలంలోనే అరిస్తీదు అనే తత్వవేత్త రోము చక్రవర్తికి క్రైస్తవుల గురించి ఒక విన్నపం రాస్తూ మరో సంగతి చెప్పాడు. తమలో ఎవరైనా పేదవాడు ఉండి, అతనికి పెట్టడానికి తమ దగ్గరా ఏమీ లేకపోతే వాళ్లు రెండు మూడు రోజులు పస్తుండి అతనికి కావలసింది సమకూరుస్తారట. ఇచ్చేవాళ్లే బీదవాళ్లని గమనించాలి. మిగులు లేని ఇంట్లో మిగులు పుట్టించడానికి వాళ్లకు దొరికిన దారి ఉపవాసం.

అంతకన్నా ఎన్నో శతాబ్దాల ముందు యెషయా ప్రవక్త చెప్పిందీ ఇదే. ఆ గ్రంథం 58వ అధ్యాయంలో జనం దేవునితో మొరపెట్టుకుంటారు, మేం ఉపవాసం ఉంటే నీవు చూడవేమని. దానికి వచ్చిన జవాబు కాస్త కఠినంగానే ఉంటుంది. ఉపవాసం ఉన్న రోజునే మీరు పనివాళ్ల చేత గొడ్డుచాకిరీ చేయిస్తున్నారు కదా అంటాడు దేవుడు. ఆకలిగొన్నవాడితో అన్నం పంచుకోవడం, దిక్కులేనివాడికి ఇంట చోటివ్వడం, అన్యాయంగా బిగించిన కట్లు విప్పడం తనకు ఇష్టమైన ఉపవాసమని అంటాడు. శుక్రవారం మనం పస్తుంటున్నామని మన ఇంట్లో అంట్లు తోమే ఆవిడకు తెలియనక్కరలేదు. ఆ రోజు ఆమెకు రెండు గంటలు ముందుగా సెలవు దొరికితే మాత్రం యెషయా మాట ఆ ఇంటికి చేరినట్టే.

తెలుగు సంఘాలకు ఈ బోధ వేరెవరో వచ్చి వివరించాల్సింది కాదు. ఇప్పుడు ఉపవాస ప్రార్థనలకు వెళ్తున్నవాళ్లలో ఎంతోమంది ముత్తాతలు మాల మాదిగ పల్లెల్లో బతికినవాళ్లు. వాళ్లకు పస్తు ఏడాదికోసారి వచ్చే నియమం కాదు. వానలు తప్పితే చాలు, పొయ్యి వెలిగేది కాదు. 1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువులో ఒంగోలు ప్రాంతం అల్లాడిపోయింది. అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలి ఇచ్చి తిండికి దారి చూపించాడు. అదే సమయంలో ఆయన మరో నిర్ణయం తీసుకున్నాడు. కరువు సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కూటికోసం ఎవరూ మతం పుచ్చుకోకూడదని ఆయన పట్టుదల. సాయం నిలిపేసి, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పిన తర్వాతే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను క్రైస్తవ చరిత్ర పుస్తకాలన్నీ గొప్పగా చెబుతాయి. దాని ముందు నెలలకొద్దీ ఆయన చెప్పిన ‘ఇప్పుడు కాదు’ అన్న మాట నాకు ఇంకా గొప్పగా కనిపిస్తుంది. పెట్టిన అన్నానికి బదులు ఏమీ అడగకూడదన్న నియమం అందులో ఉంది.

మెదక్ చర్చి కథలోనూ ఆకలి ఉంది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన ఆ ఆలయాన్ని మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో కట్టించాడు. పనిచేసినవాళ్లకు తిండి దొరకాలన్నది ఆ నిర్మాణం వెనక ఉన్న ఉద్దేశాల్లో ఒకటి.

అలాంటి పల్లెల్లోనే పిడికెడు బియ్యం అలవాటు పాతుకుంది. అన్నం వండడానికి బియ్యం కొలిచి చేటలో పోసుకున్నాక, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన ఉన్న చిన్న కుండలో వేయడం. ఆదివారం ఆ కుండ గుడికి వచ్చేది. ఆ బియ్యం సంఘ కాపరి ఇంటికి వెళ్లేది, ముసలివాళ్లకు వెళ్లేది, కొన్నిచోట్ల అమ్మి ఆ డబ్బుతో గుడికి తాటాకు కప్పించేవాళ్లు. ఆ పిడికెడు తీసిన చేయి చాలాసార్లు రాత్రికి అన్నం చాలుతుందో లేదో తెలియని చేయి. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన తొలి భారతీయుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య దోర్నకల్ కేంద్రంగా ఇలాంటి పేద సంఘాల మధ్యే పనిచేశాడు. క్రైస్తవ దాతృత్వం గురించి ఒక పుస్తకమే రాశాడు. బీద సంఘం తీసుకునేదిగానే మిగిలిపోకూడదు, ఇచ్చేది కావాలన్నది ఆయన జీవితకాలపు తపన.

ఇప్పుడు బియ్యం పాతిక కిలోల బస్తాల్లో వస్తోంది. చందా ఫోన్‌పేలో వెళ్తోంది. మార్పు రావడంలో తప్పులేదు. పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలొచ్చాయి, ఇళ్లు లేచాయి; ఆ పిడికెడు తీసిన తల్లులు కోరుకున్నదీ అదే. కానీ ఆ చిన్న కుండ వంటింట్లోంచి పోయాక, ఉపవాసానికీ ఆకలిగొన్నవాడికీ మధ్య ఉన్న ముడి కూడా వదులైందేమో అని దిగులు కలుగుతుంది. ఈ కాలంలో జరిగే 21 రోజుల, 40 రోజుల ఉపవాస ప్రార్థనల్లో అక్కరల చీటీలు చాలా వస్తాయి. అమ్మాయికి వీసా రావాలి, అబ్బాయికి నీట్‌లో ర్యాంకు రావాలి, పొలం తగాదా తేలాలి, సంతానం కలగాలి. అడగడం తప్పని ఎవరూ అనలేరు. బిడ్డ కోసం హన్నా తిండి మాని ఏడ్చింది, దేవుడు ఆమె మొర విన్నాడు. కష్టంలో ఉన్న మనిషి ఇంకెవర్ని అడుగుతాడు? అయినా నలభై దినాలు ముగిసేసరికి మన చీటీ తప్ప మరేదీ మన చేతిలో లేకపోతే, యేసు అరణ్యంలో ఎదుర్కొన్న మొదటి శోధన గురించి ఒకసారి ఆలోచించుకోవాలి. ఆకలితో ఉన్నప్పుడు రాళ్లను రొట్టెలు చేసుకోమన్న మాటను ఆయన తోసిపుచ్చాడు. తన కడుపు కోసం చేయని ఆ పనిని తర్వాత వేలమంది ఆకలి తీర్చడానికి, ఐదు రొట్టెలూ రెండు చేపలతో చేశాడు.

ఈ మధ్య సంవత్సరాల్లో మరో సంగతి జరుగుతోంది. 2025లో మన దేశంలో రంజాన్ ఉపవాసాలు మార్చి 2న మొదలైతే భస్మ బుధవారం మార్చి 5న వచ్చింది. 2026లో ఫిబ్రవరి మూడో వారంలో రెండూ ఇంచుమించు కలిసే వచ్చాయి. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లలో క్రైస్తవులు చాలామందే ఉన్నారు. యజమాని ఇంట్లో రోజా, తమకు శ్రమల కాలం. ఇఫ్తారు వంట చేస్తూనే తమ ఉపవాసాన్ని ఎవరికీ చెప్పకుండా జరుపుకునే వాళ్లను తలచుకుంటే, తల దువ్వుకుని ముఖం కడుక్కుని రహస్యంగా ఉపవాసం ఉండమన్న ప్రభువు మాటకు అంతకన్నా మంచి వ్యాఖ్యానం కనపడదు. రంజాన్ చివర పండుగ నమాజుకు ముందే పేదవాడి వాటా ఫిత్రాగా చెల్లించాలన్న నియమం ఉంది. పేదవాడు కూడా ఆ రోజు పండుగ చేసుకోవాలి కదా. ఈస్టరు విందుకు ముందు మన సంఘాల్లోనూ అలాంటి కట్టుబాటు ఒకటి ఉంటే ఎంత బాగుంటుందో.

అన్నం సంగతి ఇలా ఉంటే, ఉపవాసం చేరవలసిన చోటు మరొకటి ఉంది. 387లో అంతియొకయ నగరంలో జరిగిన కథ దాన్ని బాగా చూపిస్తుంది. శిష్యులకు క్రైస్తవులన్న పేరు మొదట వచ్చిన ఊరది. థియొడోసియస్ చక్రవర్తి కొత్త పన్ను వేశాడు. జనం తిరగబడ్డారు. చక్రవర్తి విగ్రహాలనూ ఆయన కుటుంబం విగ్రహాలనూ పడదోశారు. కోపం చల్లారాక భయం పట్టుకుంది. ఆ రోజుల్లో విగ్రహాన్ని అవమానిస్తే చక్రవర్తిని అవమానించినట్టే. కొందరికి అప్పటికే మరణశిక్షలు పడ్డాయి. మొత్తం ఊరి మీదికే సైన్యం వస్తుందన్న భయంతో ఎంతోమంది పారిపోయారు, అంగడి వీధులు బోసిపోయాయి. ముసలి బిషప్పు ఫ్లేవియన్ చావుబతుకుల్లో ఉన్న తోబుట్టువును విడిచిపెట్టి, చలిలో, కాన్‌స్టాంటినోపుల్‌కు క్షమాభిక్ష అడగడానికి బయలుదేరాడు. ఊళ్లో జనాన్ని ఓదార్చే పని, ఏడాది కిందటే గురుపట్టం పొందిన యోహాను క్రిసోస్తోము మీద పడింది.

అప్పుడే శ్రమల కాలం మొదలైంది. గుడి నిండిపోతోంది. వచ్చినవాళ్లందరి గుండెల్లో ఒకటే ప్రార్థన, ప్రాణాలు దక్కాలని. క్రిసోస్తోము వాళ్లకు ధైర్యం చెప్పాడు, దేవుని మీద భారం వేయమన్నాడు. దాంతో ఆగలేదు. నోటిలోకి మాంసం వెళ్లకుండా కాపలా కాస్తూ అదే నోటితో తోటివాడి పరువును కొరికి తింటే అది ఏం ఉపవాసమని అడిగాడు. చేతులూ కళ్లూ చెవులూ కూడా ఉపవాసం ఉండాలన్నాడు. ఈ కాలం ముగిసేలోగా మూడు పనులు నేర్చుకోమని కోరాడు. ఎవరి గురించీ చెడు చెప్పవద్దు, ఎవరినీ పగవాడిగా ఉంచుకోవద్దు, మాటమాటకూ ఒట్లు పెట్టుకునే దురలవాటు మానండి. పెద్ద ఆపదలో ఉన్న ఊరికి ఇంత చిన్న పనులు చెప్పడమేమిటని ఆ రోజున ఎవరికైనా తోచి ఉంటుంది. ఆయన మాత్రం వారం వారం వాటినే పట్టుకుని అడిగాడు. ఉపవాసాల్లో సగం గడిచిపోయాయని కొందరు సంతోషిస్తుంటే, మీ తప్పుల్లో సగం పోయాయా, అది చూసుకోండి అన్నాడు. ఆ ప్రసంగాలు 21 మనకు మిగిలాయి. కొండల్లో ఉండే సన్యాసులు కూడా ఆ రోజుల్లో దిగివచ్చి, విచారణకు వచ్చిన అధికారుల ముందు ప్రజల పక్షాన నిలబడి బతిమాలారు. చివరికి చక్రవర్తి మనసు కరిగింది. ఈస్టరు వేళకు ఫ్లేవియన్ క్షమాపణ వార్తతో తిరిగొచ్చాడు.

మన సంఘాల్లో ఈ మూడు పనులకూ చోటుంది. ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటూ ఏళ్లుగా మాట్లాడుకోని అన్నదమ్ములున్నారు. గుడి స్థలం కోసం, కమిటీ పదవుల కోసం కోర్టుకెక్కిన వర్గాలున్నాయి. ఒకే ప్రభువును నమ్మినా కులం అడిగి సంబంధాలు కలుపుకుంటున్న కుటుంబాలున్నాయి. ఇవి రాయడం బాధగానే ఉంది. బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి ముందు సహోదరుడితో సమాధానపడమన్న మాట కొండమీది ప్రసంగంలో ఉంది. ఉపవాసం గురించిన మాటలు ఆ తర్వాతే వస్తాయి. ఈ నలభై రోజుల్లో ఒక్క గడప తొక్కడం, ఒక్క ఫోను చేయడం పస్తుండడం కన్నా కష్టమైన పని. అలాంటి పనికి బలం ఇవ్వమని అడిగినప్పుడు ఉపవాస ప్రార్థన తన అసలు బరువు ఎత్తుకుంటుంది.

ఉపవాసం ఉండలేనివాళ్ల సంగతి కూడా చెప్పాలి. షుగరు మందులు వాడే పెద్దవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, బాలింతలు, నలభై డిగ్రీలకు చేరువవుతున్న ఎండలో మిరపకాయలు కోసే కూలీలు ఉపవాసం లేమని సిగ్గుపడనక్కరలేదు. కథోలిక సంఘం నియమం కూడా 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకే. అదీ భస్మ బుధవారం, గుడ్ ఫ్రైడే రెండు రోజులకే. ఆ రోజుల్లోనూ ఒక పూట భోజనం, రెండు పూటల చిరు తిండి ఉంటుంది. అంతియొకయలోనే కొందరు భోజనం చేశామన్న సంకోచంతో సాయంత్రం గుడికి రావడం మానేస్తే, తిని వచ్చినవాళ్లను క్రిసోస్తోము మెచ్చుకున్నాడు. వాక్యం వినడానికి ఖాళీ కడుపు షరతు కాదన్నాడు. అంతకు ముందు రెండో శతాబ్దం చివర లియోన్ బిషప్పు ఇరేనియస్, ఈస్టరు ముందు కొందరు ఒక రోజు, కొందరు రెండు రోజులు, కొందరు ఇంకా ఎక్కువ ఉపవాసం ఉంటున్నారని, ఆ తేడాలున్నా అందరూ శాంతిగా కలిసి ఉన్నారని రోముకు ఉత్తరం రాశాడు. ఎవరెన్ని రోజులు ఉన్నారని లెక్కలు తీసే మన కాలానికి ఆ ఉత్తరం మందులాంటిది.

ఇక ప్రార్థన. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ మీదికి ఐదుగురు ఎక్కారు. మిషనరీ లైమన్ జువెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఈ ప్రాంతానికి ఒక సేవకుణ్ని పంపమని మోకరించి అడిగి దిగిపోయారు. జాన్ క్లౌ ఒంగోలు చేరింది 1866లో. నడుమ పన్నెండేళ్లు. వాళ్లు అడిగింది తమ కోసం కాదు, తాము చూస్తామో లేదో తెలియని జనం కోసం. 1866లోనే క్లౌ దగ్గరికి వచ్చిన యర్రగుంట్ల పేరయ్య అంతకుముందే యోగసాధనలో దేవుణ్ని వెతుకుతూ కూర్చున్న మనిషి. నిశ్శబ్దంగా కనిపెట్టుకుని ఉండడం అతనికి ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. 1938లో బైబిల్ మిషన్‌ను స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు కూడా దేవుని సన్నిధిలో మౌనంగా గడపడాన్ని తన బోధకు కేంద్రం చేసుకున్నారు. మైకులు, వాద్యాలు, గంటల తరబడి సాగే ప్రసంగాల మధ్య ఈ మౌనం మన కూడికల్లో కాస్త వెనక్కి వెళ్లింది. సాయంత్రపు కూడికలో పావుగంట మైకు ఆపేసి ఎవరికి వారు కూర్చునే వీలు కల్పిస్తే, చదువుకుంటున్న పిల్లలున్న పొరుగింటివాళ్లు కూడా మనసులో దీవిస్తారు.

సంఘ పెద్దలు ఈ వారమే చేయగల పని ఒకటి ఉంది. గుడి ద్వారం దగ్గర ఒక బియ్యం డబ్బా, పక్కన ఒక పుస్తకం పెట్టవచ్చు. శుక్రవారం మానుకున్న భోజనం విలువ బియ్యంగానో రూపాయలుగానో అందులో పడాలి. అది ఎవరికి వెళ్తోందో తర్వాతి ఆదివారం చదివి వినిపించాలి, పుచ్చుకున్నవాళ్ల పేర్లు చెప్పకుండా, వాళ్లు ఏ మతమో అడగకుండా. వెతకడానికి దూరం వెళ్లనక్కరలేదు. గుంటూరు జీజీహెచ్, విశాఖ కేజీహెచ్, సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రులకు పల్లెల నుంచి రోగుల వెంట వచ్చినవాళ్లు రోజుల తరబడి వరండాల్లోనే ఉంటారు. రోగికి లోపల భోజనం అందుతుంది, బయట కూర్చున్న తల్లి టీతో సరిపెట్టుకుంటుంది. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు మన ఇంట్లో మిగిలిన అన్నం, పప్పు క్యారేజీలో అక్కడికి చేరడానికి రెండు మూడు కుటుంబాలు కలిస్తే చాలు.